గాల్లో మాత్రమే దగ్గిన ఇంజన్

యుద్ధం ముగిసి, బస్తర్ ఇంకా సంస్థానంగానే ఉన్న రోజుల్లో నేను జగదల్‌పూర్‌లో ఒక కలప కంపెనీలో మెకానిక్‌గా ఉండేవాణ్ణి. రాజమండ్రి బస్సుల షెడ్డులో పని నేర్చుకుని, కంపెనీ లారీలు చూడడానికి అక్కడికి వెళ్ళాను. నేను చేరిన రెండో ఏడు కంపెనీ యజమాని ఎక్కడో వేలంలో ఒక పాత విమానం కొన్నాడు. కర్ర చట్రానికి గుడ్డ బిగించిన రెండు రెక్కల బండి అది. ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు. ఇంజన్ ఏదైనా ఇంజనే కదా అని మేనేజరు దాన్ని కూడా నాకే అప్పగించాడు.

కొంటా దగ్గర శబరి ఒడ్డున కంపెనీకి కలప డిపో ఉండేది. లారీలో వెళితే రెండు రోజులు, వానాకాలంలో అసలు దారే లేదు. విమానంలో గంటన్నర. ఉత్తరాలు, కాగితాలు, అప్పుడప్పుడూ కూలీలకు మందులు అందులో వెళ్ళేవి.

దాన్ని నడిపే పైలట్ గారు నాగపూర్ వైపు మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. నాతో హిందీలోనే మాట్లాడేవారు. ఎడమచేతి రెండు వేళ్ళు వంగేవి కావు. యుద్ధానికి ముందు ఒక విమానం కింద పడినప్పుడు విరిగాయని ఎవరో చెప్పారు గానీ, ఆయన ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. లారీల మెకానిక్‌నని నన్ను చిన్నచూపు చూడలేదు. నెల రోజులు పక్కన కూర్చుని ఒక్కొక్క భాగమూ విప్పించి, మళ్ళీ నా చేతనే బిగింపజేశారు.

వానలు వెనకబట్టాక గొడవ మొదలైంది. ఒకరోజు పొద్దున్నే కొంటాకి బయల్దేరిన విమానం గంట దాటేసరికి తిరిగొచ్చేసింది. అరగంట బాగానే నడిచిన ఇంజన్ ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెట్టిందట. బండంతా వణికిందట. వేగం తగ్గిస్తే కాస్త కుదురుకుని, పెంచితే మళ్ళీ దగ్గిందట. కింద దిగడానికి జాగా లేని అడవి. అందుకని వెనక్కి తిప్పేశానన్నారు. నేను వెంటనే మూత విప్పి చూశాను. ప్లగ్గులు తీసి తుడిచాను. పెట్రోలు జల్లెడ విప్పాను, చుక్క నీరు గానీ నలుసు గానీ లేదు. ఇంజన్ మళ్ళీ తిప్పితే గడియారంలా నడిచింది. ఊరి చుట్టూ పావుగంట తిప్పి వచ్చారు. ఏమీ లేదు.

ఆ తర్వాత రెండుసార్లు దగ్గరి పనుల మీద వెళ్ళి వచ్చారు, ఏ ఇబ్బందీ లేదు. మూడోసారి కొంటాకి బయల్దేరితే మళ్ళీ దగ్గింది, మళ్ళీ వెనక్కి వచ్చారు. ఈసారి ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే మాగ్నెటో విప్పి ఆరబెట్టాను. కార్బురేటర్ మొత్తం కడిగాను. పెట్రోలు ట్యాంకు పైరెక్క మధ్యలో ఉండేది. అందులోకి గాలి పోయే సన్నని గొట్టం మూతి కూడా చూశాను, శుభ్రంగానే ఉంది. నేల మీద పది నిమిషాలు పూర్తి జోరుతో నడిపాను. ఒక్క దగ్గు లేదు.

నాలుగోసారి మేనేజరే ముందు సీట్లో కూర్చున్నాడు. సగం దారిలో ఉన్న సుక్మా దాకా కూడా వెళ్ళలేదు, వెనక్కి వచ్చేశారు. దిగగానే ఆయన పైలట్ గారితో ఒక్క మాటా అనకుండా నన్ను దఫ్తర్‌కి రమ్మన్నాడు. ఇంజన్‌లో లోపం ఉందా లేదా, సూటిగా చెప్పమన్నాడు. దగ్గిన మాట నిజమే గానీ, అడవి కనబడగానే పైలట్ చెయ్యి వణకడం తాను వెనక్కి తిరిగి కళ్ళారా చూశానన్నాడు. ఒకసారి పడినవాడికి ధైర్యం మళ్ళీ రాదని, ఆ చెయ్యే ఇంజన్‌ని సరిగా నడవనివ్వడం లేదని అతని నమ్మకం.

నేను రెండుసార్లు విప్పి చూశానని, నాకు ఏ లోపమూ కనబడలేదని చెప్పాను. అందులో అబద్ధం లేదు. కానీ మేనేజరు దాన్నే కాగితం మీద రాయించి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. రాసేటప్పుడు ‘నాకు కనబడలేదు’ అన్నది కాస్తా ‘లేదు’గా మారింది. నేను చూశాను. చూసి కూడా సంతకం పెట్టాను. నిజం చెప్పాలంటే, పైలట్ గారి చెయ్యి వణకడం నేనూ ఒకటి రెండుసార్లు గమనించాను.

నెలాఖరుకి వెళ్ళిపొమ్మని మర్నాడు పైలట్ గారికి చీటీ వచ్చింది. ఆయన షెడ్డుకి వచ్చి, తన పనిముట్లలో రెండు మంచి పానాలు నాకిచ్చి, ఉంచుకోమన్నారు. కాగితం సంగతి ఎత్తలేదు. నా ముఖం వైపు మాత్రం చూడలేదు.

షెడ్డుకి ఒక కాపలాదారు ఉండేవాడు. కొంటా దగ్గర పల్లెకు చెందిన దోర్లా తెగ ముసలాయన. దోర్లీ, గోండి, తెలుగు మూడూ మాట్లాడేవాడు. ఆయన తెలుగు వింటే నాకు ఇంటి దగ్గర ఉన్నట్టుండేది. నేను తాతా అనేవాణ్ణి, ఆయన నన్ను మిస్త్రీ అనేవాడు. విమానం దిగగానే నిచ్చెన వేసుకుని ఎక్కి, ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి పెట్రోలు ఎంత మిగిలిందో చూడడం ఆయన పని. ఆ సమయంలో నేను కింద వేడి ఇంజన్ మూత విప్పుతూ ఉండేవాణ్ణి.

పైలట్ గారు షెడ్డు నుంచి వెళ్ళాక నేను పానాలు చేతిలో పట్టుకుని కూర్చుంటే ముసలాయన వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు.

“సాబ్‌ని పొమ్మన్నరంట గద. బండిల రోగం లేదని నువ్వే రాసిస్తివంట.”

అంతా చూశానని, ఏమీ కనబడలేదని అన్నాను.

“మరి ఆ బుస్సుమనుడు ఏంది?”

“ఏ బుస్సుమనడం తాతా?”

“మీది మూత తియ్యంగనే లోపలికి గాలి గుంజుకుంటది. బుస్సుమంటది, పామోలె. దూరం పోయొచ్చిన నాడు గట్టిగ అంటది. దగ్గర తిరిగొస్తే అనది.”

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. వానలు ఎల్లినకాడి సంది అన్నాడు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నాను.

“నన్నెవరడిగిండ్రు? దూరం గుంజుకొచ్చిన ఎద్దు కాడి దించంగనే బుస్సుమనదా? ఇది కూడ గట్లనే అనుకున్న.”

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ట్యాంకులో పెట్రోలు తగ్గిన కొద్దీ ఆ మేరకు గాలి లోపలికి పోవాలి. ఆ దారి ఎక్కడో మూసుకుపోయి, కొద్ది కొద్దిగానే పోతోంది. అరగంట గడిచేసరికి లోపల గాలి ఒత్తిడి తగ్గిపోయి, పెట్రోలు కిందికి దిగడం మానేస్తోంది. మా షెడ్డులో విమానం దిగగానే మేం చేసే మొదటి పని మూత తియ్యడం. మూత తియ్యగానే గాలి నిండిపోయి రోగం పోయేది. నేను పరీక్షించినప్పుడల్లా అప్పుడే నయమైన ఇంజన్‌నే పరీక్షించాను.

ఆ పొద్దే పైలట్ గారి ఇంటికి పరుగెత్తాను. ఆయన పెట్టె సర్దుకుంటున్నారు. ముందు కాగితం సంగతి చెప్పాను, ‘కనబడలేదు’ అన్నది ‘లేదు’గా మారడం చూసి కూడా సంతకం పెట్టానని. ఆయన చొక్కా మడత పెడుతూనే విన్నారు. తర్వాత ముసలాయన మాట చెప్పాను. చొక్కా పక్కన పెట్టి చెప్పులు వేసుకున్నారు.

విమానం తోకను మొద్దుకి కట్టేశాం. చక్రాలకు దుంగలు అడ్డం పెట్టాం. ట్యాంకు నిండా పెట్రోలు పోసి మూత బిగించాం. నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, రోగం తొందరగా బయటపడుతుందని ఆయనే అన్నారు. ఆయన వెనక సీట్లో, నేను ముందు సీట్లో. దఫ్తర్‌కి కబురు పెడితే మేనేజరు వచ్చి దూరంగా నిలబడ్డాడు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఇంజన్ హాయిగా నడుస్తోంది. మేనేజరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అరగంట దగ్గర పడుతుండగా మొదటి దగ్గు వినబడింది. తర్వాత బండంతా వణికింది. నా పళ్ళు టకటకలాడాయి. నేల మీద, కట్టేసిన బండిలో కూర్చుని కూడా నాకు భయం వేసింది. పైలట్ గారు చెయ్యి ఎత్తి సైగ చేశారు. నేను సీట్లో లేచి నిలబడి, పైకి చెయ్యి చాచి మూత తిప్పాను. ఇంజన్ మోతలో బుస్సుమన్న చప్పుడు నాకు వినబడలేదు గానీ, అరచేతిని గాలి లోపలికి పీల్చడం తెలిసింది. కాసేపటికి ఇంజన్ కుదురుకుంది.

గాలి గొట్టం ఊడదీసి సైకిల్ చక్రం పుల్ల పెడితే, మూతికి బెత్తెడు లోపల, వంపు దగ్గర, ఎర్రమట్టి ముద్ద తగిలింది. గూడు కట్టుకునే కందిరీగ పని. వానల్లో విమానం కొన్నాళ్ళు కదలకుండా ఉన్నప్పుడు దూరి కట్టుకుంది. మట్టిలో సన్నని బీట ఒకటి ఉంది, అందులోంచే ఇన్నాళ్ళూ ఆ కాస్త గాలీ పోయింది.

మేనేజరు ఆ మట్టిని అరచేతిలో వేసుకుని చూశాడు. క్షమించమని అనలేదు. సాయంత్రం చీటీ వెనక్కి తెప్పించుకున్నాడు. నేను నా కాగితం కూడా తిరిగివ్వమని అడిగాను. ఇచ్చాడు, దాన్ని పొయ్యిలో పెట్టాను.

మర్నాడు పొద్దున పైలట్ గారు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కొంటాకి బయల్దేరారు. నేను గాల్లోకి ఎగరడం అదే మొదలు. అరగంట అయ్యేసరికి కింద చుక్కంత ఖాళీ జాగా లేదు, ఎటు చూసినా చెట్ల నెత్తులే. ఆ గొట్టం నా చేత్తోనే శుభ్రం చేశాను. అయినా ఎప్పుడు దగ్గుతుందో అని చెవులు రిక్కించి, సీటు అంచు పట్టుకున్న నా రెండు చేతులూ వణకడం చూసుకున్నాను. దగ్గలేదు. శబరి కనబడింది.

డిపో దగ్గర దిగాక ఒక చెట్టు కింద కూర్చున్నాం. ఆయనే మాట ఎత్తారు. ఆ నెలరోజులూ పొద్దున్నే ఇంజన్ చప్పుడు వినడం మానేసి తన గుండె చప్పుడే వింటున్నానని, లోపం తనలోనే ఉందని తాను కూడా నమ్మేశానని అన్నారు. నా చేతులు కూడా వణికాయని చెప్పాను.

“మంచిదే,” అన్నారాయన. “వణికిన చేతులతోనే కదా ఇక్కడి దాకా వచ్చాం.”

తిరిగొచ్చాక ఆయన ముసలాయన దగ్గరికి వెళ్ళి, ఈసారి కొంటా వెళ్ళేటప్పుడు నిన్ను తీసుకెళతాను, మీ ఊళ్ళో దించుతాను అన్నారు. నేను తెలుగులోకి మార్చి చెప్పాను. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

“వద్దులే మిస్త్రీ. నడిసిపోతే దారిల నలుగురు అయినోళ్ళు కనబడతరు. దాంట్ల పోతే ఎవరు కనబడతరు?”

పైలట్ గారు నవ్వి, ఆయన భుజం తట్టి, పెట్రోలు కొలిచే పుల్ల ఆయన చేతికిచ్చారు. ఆ రోజు నుంచి విమానం దిగగానే నేను ఇంజన్ దగ్గరికి పోయేముందు నిచ్చెన కింద నిలబడి, మూత తీస్తే ఏమందో ఆయన్ని అడిగేవాణ్ణి.