చిన్నదాని పాటకు రేటింగ్

రోజూ పొద్దున్నే నేను దీపం పెట్టే వేళకు తమ్ముడి కూతుళ్లిద్దరూ సరళీ వరసలు పాడుతుంటారు. ఈ రోజు పెద్దది ఒక్కతే పాడింది.

"నాన్న నాకు అయిదుకి రెండే ఇచ్చాడు పెద్దత్తా. ఇంక పాడను," అంది చిన్నది.

తమ్ముడు హైటెక్ సిటీలో మేనేజర్.

"ఏం తప్పు పాడిందిరా?"

"తప్పేం లేదక్కా. టీమ్‌లో ఒకరికి తక్కువ ఇవ్వాల్సిందే. మా ఆఫీసులో అంతే."

పూజ మధ్యలో ఉన్నాను కనుక వాడి సంగతి సాయంత్రానికి వాయిదా వేశాను. మీ ఇళ్లలోనూ ఇలాంటి మేనేజర్లున్నారా?

సాయంత్రం ఇంట్లో అందరం ఒక మాట అనుకున్నాం. రేటింగ్ ఇచ్చేవాళ్లు ముందు ఆ వరస తాము పాడాలి. తమ్ముడు గొంతు సవరించుకుని పాడాడు.

"ఎంతిస్తావే?" అన్నాడు భయంభయంగా.

"అంకెలొద్దు నాన్నా. ఇదిగో, ఇక్కడ తాళం తప్పావు. మళ్లీ పాడు," అంది చిన్నది.

రేపట్నుంచి ఇంట్లో అదే పద్ధతి.