పరగ్రహ సైనికుడి గాలి గొట్టం

నిన్న మా స్టూడియోలో కొత్త గేముకి శబ్దాలు రికార్డు చేశాం. ఒకతను రబ్బరు మాస్కు తగిలించుకుని మైకు ముందు బుస్సుబుస్సుమని ఊపిరి పీలుస్తున్నాడు. ఆ చప్పుడుకి, ఆ రబ్బరు వాసనకి రాజోలులో మా పక్కింటి రత్నం బాబాయిగారు కళ్లముందు నిలిచారు.

ఆయన తాటిపాక దగ్గర గ్యాస్ ప్లాంటులో భద్రతా శిక్షకులు. విషవాయువున్న చోటికి వెళ్లేవాళ్లకు గాలి సిలిండరు వీపున కట్టుకోవడం, మాస్కు బిగించుకోవడం నేర్పేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అమలాపురంలో యానిమేషన్ నేర్చుకుంటుంటే, హైదరాబాదులో ఒక గేముల కంపెనీ ఉద్యోగానికి బొమ్మలు పంపమంది. వేరే గ్రహపు సైనికులు. మన గాలి వాళ్లకు విషం కనక వాళ్ల గాలిని వీపున మోసుకొస్తారు. అరుగు మీద కూర్చుని గీస్తుంటే బాబాయిగారు వచ్చి చూశారు.

"బాగుందమ్మా. మరి ఇతను వాల్వు ఎలా తిప్పుతాడు? చెయ్యి అందదే."

"ఊరికే బొమ్మే కదండీ."

"ఆయ్, బొమ్మే. కానీ ఎంత గాలి మిగిలిందో అతనికి తెలియొద్దా? గేజీ ఏదీ?"

నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆయనకు ఎదురుపడలేదు.

మూడో రోజు పొద్దున్న వీధి చివర కొత్తగా కట్టిన సెప్టిక్ ట్యాంకులోకి స్లాబు కింది చెక్కలు విప్పడానికి దిగిన సూర్యం అనే మేస్త్రి గాలాడక లోపలే పడిపోయాడు. అతని తమ్ముడు వెనకే దూకబోతుంటే బాబాయిగారు నడుం పట్టి వెనక్కి లాగారు. ప్లాంటుకి ఫోను చేయించి, ఈలోగా ఎదురుగా ఉన్న పంక్చర్ల షాపు గాలి గొట్టం లోపలికి వదిలించారు. జీపులో సిలిండరు రాగానే మోకాళ్ల మీద కూర్చుని వాల్వు తిప్పారు, గేజీ చూశారు, మాస్కు అంచు చుట్టూ వేలితో తడిమారు. "మా అన్న చచ్చిపోతుంటే తీరిగ్గా చూస్తావేంటయ్యా!" అని తమ్ముడు తిడుతూనే ఉన్నాడు. ఆయన గేజీ ఇంకోసారి చూసుకున్నారు. దిగి, సూర్యాన్ని తాడుకి కట్టి పైకి పంపించారు. ఆసుపత్రిలో వారం ఉండి సూర్యం నడిచి ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం నేనే వాళ్లింటికి వెళ్లాను. "అంతమంది అరుస్తుంటే మీకు చెయ్యి వణకలేదాండీ?"

"వణికిందమ్మా. అందుకే ఒకటికి రెండుసార్లు చూసేను."

తరవాతి ఆదివారం ఆయన పైవాళ్ల అనుమతి తీసుకుని ప్లాంటులో శిక్షణ జరిగేచోట నా వీపుకి సిలిండరు కట్టించారు. వంగితే బరువు మెడ మీద పడింది. మాస్కులో నా ఊపిరి చప్పుడుకే నాకు భయం వేసింది. బొమ్మలన్నీ మళ్లీ గీశాను. వాల్వు నడుం దగ్గరికి, గేజీ మణికట్టు మీదికి వచ్చాయి. ఆయన చూసి, "పక్కవాడి గాలి అయిపోతేనో?" అన్నారు. ప్రతి సైనికుడికీ రెండో గొట్టం పెట్టాను.

ఉద్యోగం వచ్చింది. "ఆడేవాళ్లు కాల్చేసే శత్రువులకి ఇంత దయ ఎందుకండీ?" అని మా డైరెక్టరు నవ్వాడు. నేను పట్టుబట్టి ఉంచాను. గేము పూర్తయ్యాక బాబాయిగారికి చూపించాను. తెరమీద ఒక సైనికుడు కింద పడిన తోటివాడి దగ్గరికి పరుగెత్తి తన రెండో గొట్టం అతని మాస్కుకి తగిలించాడు.

"అతను బతికేడా అమ్మా?"

"అది ఆడేవాళ్ల చేతిలో ఉందండీ."



ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా దగ్గర చేరిన కొత్తవాళ్లు ముందు తుపాకులు గీసి తెస్తారు. వాళ్లకు కూడా ఆదివారం పూట మాస్కు తొడిగిస్తాను. మిత్రుడైనా శత్రువైనా, ఎవరిని గీసినా నేను మొదట గీసేది అతనికి ఊపిరి అందే దారి. ఆయుధం సంగతి తరవాత.