దిగే బంతి కోసం పోయిన మోకాలు

కడపలో అంతర్ కళాశాలల బాస్కెట్‌బాల్ ఫైనల్ ఆడిన రోజు నా కుడి మోకాలు మొదటిసారి నాకు ఎదురు తిరిగింది. అప్పుడు నేను కర్నూలులో డిగ్రీ రెండో సంవత్సరం. సిమెంటు కోర్టు, మిట్టమధ్యాహ్నం, బూట్ల అడుగు నుంచి కూడా వేడి తెలుస్తోంది. ఆఖరి నిమిషం. మేం ఒక్క పాయింటు ముందున్నాం. వాళ్ళ అమ్మాయి రింగు కిందికి దూసుకొచ్చి బంతి వదిలింది. అది ఇంకా పైకి లేస్తుండగానే నా అరచేయి తగిలింది. బంతి వెళ్ళి మా షాహీన్ చేతుల్లో పడింది. గెలిచాం.

నేను మాత్రం ఒంటికాలి మీద దిగాను. మోకాలు లోపలికి వంగి ‘టక్’మంది. చుట్టూ అంత గోలలోనూ ఆ చప్పుడు నాకు వినపడింది.

షాహీన్ నా హాస్టల్ గదిలోనే ఉండేది. అందరూ గంతులేస్తుంటే తనొక్కతే నా పక్కన కూర్చుంది.

“ఏమైందే? లేయ్, ఫొటో తీస్తాండారు.”

“ఏం కాలే. బెణికినట్టుండాది.”

కుంటుకుంటూ వెళ్ళి ఫొటోలో నవ్వుతూ నిలబడ్డాను. కర్నూలు బస్సెక్కేసరికి మోకాలు కొబ్బరికాయంత అయింది.

నా ఎత్తు ఐదడుగుల పదకొండంగుళాలు. ఓర్వకల్లు దగ్గర మా ఊళ్ళో ఆ ఎత్తు చూసి నవ్వేవాళ్ళు. “ఈ పాపకు మొగుణ్ణి యాడ తెస్తావప్పా?” అని నాయన్ని నా ముందే అడిగేవాళ్ళు. అదే ఎత్తును చూసి కాలేజీలో ‘గోడ’ అని పేరు పెట్టి అరిచారు. బంతి బుట్టలో వేసిన అమ్మాయికి రెండు పాయింట్లు వస్తాయి. బ్లాక్ చేసిన నాకు బోర్డు మీద ఏమీ రాదు, అరుపులు తప్ప. ఆ అరుపులు చాలనుకున్నాను నేను.

మాకు ఆటలు నేర్పే పీడీ సార్ వారానికోసారైనా తిట్టేవారు. “ప్రతి బంతికీ ఎగరొద్దు మే. చేతులెత్తి నిలబడు, సగం షాట్లు వాళ్ళే తప్పేస్తారు. నువ్వు కొట్టిన బంతి శానా మటుకు గీత బయటికి పోయి మళ్ళీ వాళ్ళకే వస్తాండాది. చెయ్యి తగిలితే ఫౌలు. దిగేటప్పుడు కాలు పోతే ఎవురు జవాబు చెప్పాల?” సార్ చెప్పింది నిజమేనని ఒప్పుకునేదాన్ని. ఈల పడగానే మళ్ళీ ఎగిరేదాన్ని.

మర్నాడు ఎక్స్‌రే తీశారు. “ఎముక బాగుంది” అన్నారు. ఆ మాటే మమ్మల్ని ముంచింది. ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్ ఎక్స్‌రేలో కనపడదని మాకు తెలియదు. నాయన ఊరి నుంచి వచ్చి నన్ను కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. నాయనకు చిన్నప్పుడు ఎద్దులబండి మీద నుంచి పడి చేయి విరిగితే ఆ ఇంటివాళ్ళే కట్టుకట్టి నిలబెట్టారు. ఆ చేత్తోనే ఇన్నేళ్ళు సేద్యం చేశాడు. అందుకే మా ఇంట్లో ఏది విరిగినా, ఏది బెణికినా కట్టే. “మూడు కట్లు పడితే గుర్రం మాదిరి పరిగెత్తుతావు పాపా” అన్నాడు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు. నెలన్నర అలాగే పడుకున్నాను.

ఆఖరి కట్టు విప్పిన రోజు అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుడి తొడ ఎడమ దానిలో సగమైంది. వాపు తగ్గింది కానీ మోకాలు నిలవడం లేదు. మెట్లు దిగుతుంటే ఎముక మీద ఎముక జారిపోయేది. రెండుసార్లు పడ్డాను.

అప్పుడు కర్నూలులో ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నన్ను పడుకోబెట్టి కాలు పట్టుకుని ముందుకు లాగారు. బల్ల సొరుగు లాగినట్టు మోకాలు ముందుకొచ్చింది. ఎంఆర్ఐ రాశారు. రిపోర్టు వచ్చాక చూసి నా వైపు తిరిగారు.

“ఏసీఎల్ కంప్లీట్ టేర్, అంటే మోకాలి లోపలి లిగమెంట్ పూర్తిగా తెగింది. లిగమెంట్ లేకుండా నడిచినందుకు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగింది. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?”

నేను నోరు తెరిచేలోపు నాయన అందుకున్నాడు. “నేనే కట్టు కట్టించినా సార్. పాప వద్దనింది.”

నేను వద్దనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. డాక్టరు ముందు మా నాయన నా కోసం ఆడిన అబద్ధం అది.

చిన్న రంధ్రాల గుండా ఆర్థ్రోస్కోపీ చేసి, తొడ వెనక నుంచి నరంలాంటి హామ్‌స్ట్రింగ్ ముక్క తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు. దాన్ని గ్రాఫ్ట్ అంటారు. ఆపరేషన్ కంటే ఫిజియోథెరపీ కష్టం. మడమను మంచం మీద ఈడ్చుకుంటూ మోకాలు వంచాలి. మొదటి వారం జానెడు వంచడానికే ఏడ్చాను. ఫిజియో మేడం మాత్రం “ఏడ్చుకో, కానీ వంచు” అనేది. వంచాను. నడిచాను. సైకిల్ తొక్కాను. డాక్టరు ప్రతిసారీ ఒకటే చెప్పేవారు: “తొమ్మిది నెలలకు ముందు కోర్టు మాటెత్తొద్దు. ఒంటికాలితో గెంతించే హాప్ టెస్ట్‌లో రెండు కాళ్ళూ సమానంగా వస్తే అప్పుడు క్లియరెన్స్ రాసిస్తాను.”

ఆపరేషన్ అయిన ఏడో నెలలో కర్నూలులోనే టోర్నమెంట్ వచ్చింది. అక్కడే యూనివర్సిటీ జట్టుకు అమ్మాయిల్ని ఎంపిక చేస్తారు. నాకు ఆఖరి సంవత్సరం. అది దాటితే ఇక ఆటే లేదు.

“డాక్టరు ఏమన్నాడు మే?” అని అడిగారు పీడీ సార్.

“ఆడొచ్చన్నారు సార్.”

“కాగితం యాడ?”

“హాస్టల్లో ఉండాది సార్.”

ఈ అబద్ధం నాది. ఇందులో మా నాయన లేడు, కట్టు కట్టిన పెద్దాయన లేడు. ఎవరూ నన్ను వెనక నుంచి తోయలేదు.

రెండో మ్యాచ్. రెండు నిమిషాలే ఉన్నాయి, మేం పన్నెండు పాయింట్లు ముందున్నాం. అంతవరకూ సార్ చెప్పినట్టే చేతులెత్తి నిలబడ్డాను. మోకాలు మాట వింటోంది. అప్పుడు వాళ్ళ అమ్మాయి మూడు పాయింట్ల గీతకు కాస్త లోపల నుంచి షాట్ వేసింది. ఆ బంతిని వదిలేస్తే పోయేదేమీ లేదు. కానీ మెట్ల మీద కూర్చున్న మా కాలేజీ వాళ్ళు “గోడా! గోడా!” అని మొదలుపెట్టారు. కడపలో దెబ్బ తగిలినప్పటి నుంచి ఆ పేరు విని ఎరగను. “ఎగరొద్దు మే!” అని సార్ అరవడం కూడా వినపడింది. ఎగిరాను.

బంతి నా చేతికి గట్టిగా తగిలింది. ఈల పడింది. అప్పటికే అది రింగు మీదికి దిగుతోందట. దిగే బంతిని ముట్టుకుంటే గోల్‌టెండింగ్, బుట్టలో పడినట్టే లెక్క. రిఫరీ రెండు వేళ్ళు చూపించి వాళ్ళకు పాయింట్లు ఇస్తున్నప్పుడు నేను నేల మీద ఉన్నాను. మళ్ళీ అదే ‘టక్’.

షాహీన్ నా తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. “ఎందుకెగిరితివే? గెలిచేసినాం కదే!”

“గ్రాఫ్ట్ తెగిపోయింది” అన్నారు డాక్టరు. “రివిజన్ చేద్దాం, అంటే మళ్ళీ ఆపరేషన్. నడుస్తావు, మెట్లెక్కుతావు, ఉద్యోగం చేసుకుంటావు. ఆట మాత్రం మర్చిపో.” పీడీ సార్ వార్డుకు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. “ఆ కాగితం నేను చూసి ఉండాల్సింది మే” అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు నందికొట్కూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. నడక బాగుంది. ముసురు పట్టిన రోజు మోకాలు సలుపుతుంది. బాసింపట్టు వేసుకుని కింద కూర్చోలేను. ఇంట్లో అందరూ నేల మీద కూర్చుని తింటే నేనొక్కదాన్నే కుర్చీలో తినాలి. మొదట్లో సిగ్గుగా ఉండేది. కొన్నాళ్ళకు నాయన కూడా కంచం పట్టుకొచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. అడిగితే “కింద కూచుంటే నడుం పట్టుకుంటాండాది” అంటాడు. పొలంలో రోజంతా వంగి పనిచేసే మనిషికి అన్నం దగ్గరే నడుం నొప్పట.

మొన్న ఆదివారం తింటూ తింటూ అడిగాడు. ఇన్నాళ్ళలో ఆ మాటెత్తడం అదే మొదటిసారి.

“ఆ పొద్దు నువ్వు ఎగరకపోయింటే ఏమయ్యేది పాపా?”

“బంతి పడింటే వాళ్ళకు రెండు పాయింట్లు వచ్చిండేవి నాయనా.”

“ఎగిరినందుకు?”

“అవే రెండు వచ్చినాయి.”

కలుపుతున్న చేయి ఆగింది. నా కంచంలో మరి కాస్త పప్పు వేసి, తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు.

ఇది చదివే అమ్మానాన్నలకు, పీడీలకు నేను చెప్పేది ఒక్కటే. ఆపరేషన్ అయిన పిల్ల మళ్ళీ ఆడతానంటే దాని మొహం చూసి, ఉత్సాహం చూసి నమ్మకండి. ఆడొచ్చని డాక్టరు రాసిన కాగితం మీ కళ్ళతో చదివాకే కోర్టులోకి పంపండి. “హాస్టల్లో ఉండాది సార్” అంటే, వెళ్ళి తెమ్మనండి.