సజ్జ మీది కంపెనీ సామాను

కారు పోయిన సంగతి నాకు సజ్జను చూస్తే తెలిసింది. బాపు పంచాంగం చూసి చెప్పిన బుధవారమే బయల్దేరి, వరంగల్‌లో రెండు రోజుల ఆఫీసు ట్రైనింగు ముగించుకుని శుక్రవారం మధ్యాహ్నం ఇంటికొచ్చాను. సూట్‌కేసు పైన పెడదామని స్టూలెక్కితే, నాలుగేళ్లుగా అక్కడ కదలకుండా ఉన్న రెండు గోనెసంచులు లేవు. వాటి కింద పరిచిన పాత పంచె మాత్రం ఉంది. వాకిట్లో కారు లేకపోవడం చూసి తమ్ముడు ఎక్కడికో తీసుకెళ్లాడనుకున్నదాన్ని, స్టూలు మీదే గోడ పట్టుకున్నాను.

ఆ సంచుల్లో ఉన్నది కంపెనీ సామాను. కారుకు మార్పులు చేయించుకునే వాళ్లెవరూ కంపెనీవాడు బిగించి ఇచ్చిన సైలెన్సరు, స్ప్రింగులు, ఫిల్టరు డబ్బా పారేయరు. విప్పి దాచిపెడతారు. వాటిని మళ్లీ కిందికి దించి బిగించేది బండి అమ్మేటప్పుడే.

మాది చిన్న ఎర్ర హ్యాచ్‌బ్యాక్. చూస్తే కూరగాయలకు వెళ్లే బండే అనిపిస్తుంది గానీ, ఇంజను మాత్రం నలుగురిని ఎక్కించుకుని కూడా ఒక్క ఊపులో ఫ్లైఓవర్ ఎక్కేసేది. కొన్నది నా జీతంతో. ఆర్‌సీ మాత్రం తమ్ముడి పేరు మీద. మా బాపు గుడిలో అర్చకుడు, పంచాంగం చూడందే మా ఇంట్లో చీపురు కూడా కొనరు. "ఈ ఏడు నీకు వాహనయోగం లేదు బిడ్డా, తమ్మునికి మస్తుగుంది. వాని పేరు మీద తీస్కో. నడుపుకునేది నువ్వే గద" అన్నారు. ఊళ్లోవాళ్ల కాగితాల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని నవ్వుకుంటూ తలూపాను. నా అంత తెలివితక్కువది మా గల్లీలో ఇంకొకతి లేదు.

ఆదివారాలన్నీ నేనూ తమ్ముడూ యాకుత్‌పురా స్టేషన్ దగ్గర మెకానిక్ ఉస్తాద్ షెడ్డులో గడిపేవాళ్లం. మొదట్లో ఉస్తాద్ నాకు కుర్చీ వేసి, వాడి చేతికి పానా ఇచ్చేవాడు. రెండు నెలలకు పానా నాకొచ్చింది, కుర్చీ వాడికెళ్లింది. స్ప్రింగును ఎలా నొక్కిపట్టి దించాలో, ఒక్క బోల్టును ముందే గట్టిగా బిగించేయకుండా అన్నీ కొద్దికొద్దిగా ఎలా పట్టించాలో వాడికి నేర్పింది నేనే. కొత్త సైలెన్సరు వేసిన రోజు మలక్‌పేట రైలు వంతెన కింద అద్దాలు దించుకుని వెళ్లాం. ఆ చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తుంటే వాడు చిన్నపిల్లాడైపోయి "ఇంకోసారి అక్కా, ఇంకోసారి!" అని అరిచాడు. మూడుసార్లు తిప్పుకొచ్చాను.

పొట్టి స్ప్రింగులు వేశాక బండి బాగా కిందికి దిగింది. మా గల్లీ మొదట్లో ఉన్న స్పీడ్‌బ్రేకర్ మీద నలుగురితో వెళితే అడుగు గీసుకునేది. అందుకని అక్కడికి రాగానే అమ్మ పూలబుట్టతో సహా దిగి, నడిచి దాటి, అవతల మళ్లీ ఎక్కేది. "ఏం బండో ఏమో, ఎక్కుడు కంటె దిగుడే ఎక్కువున్నది" అని నవ్వేది. బాపు మాత్రం దిగేవారు కాదు. కింద ఉన్న గీతలన్నీ ఆయన పుణ్యమే.

స్టూలు దిగి తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఉస్తాద్‌కు చేశాను.

"మొన్న మీ తమ్ముడొచ్చి పెద్ద జాకీ తీస్కపోయిండు బేటీ. అక్క తెమ్మన్నదన్నడు. ఏమైంది, ఖైరియత్ హై నా?"

ఏం లేదని పెట్టేశాను. వంటింట్లోకి వెళ్లి అమ్మను అడిగితే, బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు.

సాయంత్రం తమ్ముడు ఎత్తుగా ఉన్న తెల్ల బండి ఒకటి తెచ్చి వాకిట్లో ఆపాడు. ముందు అద్దం మీద పసుపు బొట్టు కూడా ఆరలేదు. వాడికి పోయిన నెలలోనే పెళ్లి కుదిరింది.

"ఎక్స్‌చేంజ్‌ల ఇచ్చిన అక్కా. పెండ్లయినంక ఆ లొల్లి బండిల తిరుగుతె వాళ్లింటోళ్లు ఏమనుకుంటరు? ఇది గూడ నీదే అనుకో."

"నన్నొక్క మాట అడగలేదేందిరా?"

"అడిగితె ఇస్తవా?"

ఇవ్వను. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నేను బండి చుట్టూ తిరిగి చూస్తుంటే ధైర్యం వచ్చినట్టుంది, "సామానంత నేనే మంచిగ బిగించిన. నువ్వు నేర్పినట్టే" అన్నాడు. వాడి గోళ్లలో ఇంకా నల్లటి గ్రీజు ఉంది. గల్లీ అంతా వినేలా తిట్టాను. ఇంతకాలం తమ్ముడనుకున్నానే అని నా మీద నాకే అసహ్యం వేసింది.

బాపు రానీ, నీ సంగతి చెప్తా అన్నాను. ఆయనకు తెలియకుండానే ఇదంతా జరిగిందని నా గట్టి నమ్మకం. చీకటి పడే వేళకు బాపు గుడి నుంచి వచ్చారు. చెప్పులు విడవకముందే అడిగాను.

"వీడు నా బండి అమ్ముకున్నడు బాపూ. నీకు తెల్సా?"

"తెల్వకుండ ఎట్లుంటది బిడ్డా? మంచి రోజు చూసే ఇచ్చినం. నిన్న పొద్దున, దశమి ఉండంగనే."

నిన్న పొద్దున నేను వరంగల్‌లో ఉన్నాను. ఆ ట్రైనింగుకు మా ఆఫీసువాళ్లు రెండు బ్యాచ్‌లు పెట్టారు. దేనికి వెళ్లమంటావని బాపునే అడిగాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, పంచాంగం తిరగేసి, "రెండోదాంట్ల పో బిడ్డా. బుధవారం పయనం నీకు మస్తు మంచిగుంది" అన్నారు. వాహనయోగం లేని నాకు ఇదన్నా ఉందని ఎంత పొంగిపోయానో! ఆయన చేతిలో పెట్టిన కుంకుమ పొట్లం సూట్‌కేసులో బట్టల మధ్య భద్రంగా పెట్టుకుని వెళ్లాను.

"మరి బుధవారం మంచిగున్నది ఎవరికి బాపూ?" అన్నాను.

ఆయన పైపంచె దండెం మీద వేసి, నా వైపు చూడకుండానే, "ఎప్పుడు తిన్నవో ఏమో, కాళ్లు కడుక్కొని అన్నం తిను పో" అన్నారు.