నిమ్మకాయ మీదికి ఎక్కని ఇంజన్

మా వాడికి రెండేళ్లు దాటి మూడో ఏడు నడుస్తున్నా ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే పనిచేస్తున్నాయని డాక్టరు చెప్పాడు. నిజమే, పక్క గదిలో బిస్కెట్ పొట్లం విప్పితే చాలు, పరిగెత్తుకొచ్చేవాడు. నోరు మాత్రం తెరిచేవాడు కాదు. నన్ను అవ్వ అనడు, తండ్రిని బాపు అనడు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకొని దాని ముందుకు లాక్కెళ్లి నిలబెట్టేవాడు. కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు కప్ప నాలుక గురించి పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్న నాకు, నా కొడుకు నాలుక సంగతి అంతు పట్టలేదు. రాత్రిళ్లు వాడు నిద్రపోయాక దీపం దగ్గరికి తెచ్చి నోట్లోకి చూసేదాన్ని. నాలుక ఉండేది.

వాడకట్టంతా వైద్యం చెప్పింది. మా అత్తమ్మ రోజూ పొద్దున వస కొమ్ము అరగదీసి తేనెలో కలిపి నాకించేది. చిలక కొరికిన జామకాయ తింటే మాటలొస్తాయని ఎవరో అన్నారు. అత్తమ్మ పుట్టినూరు బోథ్ నుంచి సంచెడు జామకాయలు వచ్చాయి. ఏది చిలక కొరికింది, ఏది ఉడుత కొరికింది అని మేమిద్దరం వాకిట్లో కూర్చొని ఏరాం.

"ఉడుత కొరికింది పెడ్తే ఏమైతది అత్తమ్మా?" అని అడిగాను.

"ఏమైతది, చెట్లెక్కుతడు."

ఆ వారమే వాడు బీరువా ఎక్కాడు. మాట మాత్రం రాలేదు.

ఇక వాడి తండ్రి సంగతి. మా ఆయనది మంచిర్యాల, రైలు పట్టాల పక్క ఇల్లు. ఆయనకు లోకంలో ఉన్న ఒకే ఒక వ్యామోహం డీజిల్ ఇంజన్లు. పెళ్లిచూపుల్లో నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న, మీ ఇంటికి రైలు కూత వినిపిస్తుందా అని. కరీంనగర్‌కు అప్పటికి రైలే లేదు కదా, తమాషాకు అడుగుతున్నాడనుకున్నాను. తమాషా కాదు. రైలు లేని మా కరీంనగర్‌లోనే సర్కారు నౌకరీ రావడం ఆయన జీవితంలోని పెద్ద దుఃఖం. అంతకంటే పెద్దది, కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టాల మీద కరెంటు తీగలు కట్టడం. తీగలు వచ్చాక డీజిల్ ఇంజన్లు తగ్గిపోతూ వచ్చాయి. కరెంటు ఇంజన్‌ను ఆయన ఇస్త్రీపెట్టె అనేవాడు. పొగ లేదు, గుండె చప్పుడు లేదు, అదీ ఒక ఇంజనేనా అని అన్నం ముందు కూర్చొని బాధపడేవాడు.

ఈ బాధకు తోడు మా వీధి చివరి దర్జీ. ఆయన పెద్దపల్లి స్టేషన్ పక్కన పెరిగినవాడు. ఆగి ఉన్న డీజిల్ ఇంజన్ ఎట్లా గునుస్తుందో అదే లయలో కుట్టుమిషన్ తొక్కుతానని చెప్పుకునేవాడు. ఇద్దరూ కూర్చుంటే ఒకరు ఇంజన్ నిలబడి ఉన్న చప్పుడు, ఇంకొకరు బయలుదేరే చప్పుడు నోటితో చేసేవాళ్లు. నా జాకెట్టు చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి రావడానికి కారణం ఇదే. ఒకటి నిలబడి ఉన్నప్పుడు కుట్టాడు, ఒకటి బయలుదేరినప్పుడు.

ఆదివారం ఆదివారం ఇద్దరూ మా వాణ్ని తీసుకొని బస్సులో పెద్దపల్లికి పోయేవాళ్లు, మిగిలిన డీజిల్ ఇంజన్లను చూడటానికి. నేను కాచి చల్లార్చిన నీళ్లు, తువ్వాలు, చెవుల్లో పెట్టడానికి దూది సంచిలో పెట్టి పంపేదాన్ని. దూదితో మా ఆయన కళ్లద్దాలు తుడుచుకునేవాడు. సాయంత్రానికి పిల్లవాడు మొహమంతా మసితో, మహా సంతోషంగా తిరిగొచ్చేవాడు. ఏమన్నా అన్నాడా అని గుమ్మంలోనే అడిగేదాన్ని. ఏమనలేదు గానీ చాలా శ్రద్ధగా చూశాడు అనేవాడాయన, కొడుకు పరీక్షలో పాసైనట్టు.

గోదావరి దాటాక, ఆదిలాబాద్ జిల్లా వైపు, ఒక ఫ్యాక్టరీ ఉంది. అందులో వ్యాగన్లు లాగిన చిన్న డీజిల్ ఇంజన్ ఒకటి పని మానేస్తే, దాన్ని పాత ఇనుముకు అమ్మకుండా గేటు ముందు చిన్న పట్టాల ముక్క మీద నిలబెట్టి, ఆకుపచ్చ రంగు వేసి, చుట్టూ క్రోటన్ మొక్కలు పెట్టారు. మా ఆయన దాన్ని ముసలి మేనమామను చూసి వచ్చినట్టు చూసి వచ్చేవాడు. ఆ ఏడు దసరా ముందు ఆయనకొక సందేహం వచ్చింది. ఆయుధ పూజ నాడు ఫ్యాక్టరీ లోపల ప్రతి మిషన్‌కూ బొట్టు పెడతారు. మరి గేటు బయట ఉన్నదానికి? పోయిన ఏడు దాని మీద వాచ్‌మన్ లుంగీ ఆరేసి ఉందట. ఇది ఆయన ఓర్చుకోలేకపోయాడు. పూజ మనమే చేద్దామన్నాడు. దర్జీ అప్పటికే కొలతలు రాసుకుంటున్నాడు, ఇంజన్ లైటుకు ఎర్ర గుడ్డతో కుచ్చుల తోరణం కుట్టడానికి.

నేనూ బయలుదేరాను. చక్రాలున్న చోటికి పిల్లవాణ్ని ఈ ఇద్దరితో పంపే ధైర్యం లేక. వెళ్లేముందు అత్తమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఏ దేవునికి మొక్కితే మాటొస్తదో ఎవలకెరుక బిడ్డా. గా ఇంజన్‌కు గూడ ఒక మాట మొక్కు."

నవ్వాను గానీ, బస్సు దిగి ఇంజన్‌ను చూడగానే మొక్కేశాను. వీడు ఒక్క మాట మాట్లాడితే ఏటేటా వచ్చి కొబ్బరికాయ కొడతానని. చదువుకున్నదాన్ని కాబట్టి పెదవులు కదపకుండా మొక్కాను.

పూజ బాగానే జరిగింది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, కుచ్చుల తోరణం. వాచ్‌మన్ నీళ్లు పట్టి, ఇంజన్ మీద ఆరేసిన లుంగీ తీసేసి సహకరించాడు. హారతి అయింది, కొబ్బరికాయ కొట్టారు. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టారు. పెట్టాక అందరం కాసేపు నిలబడ్డాం. సైకిలుకు పూజ చేసినా, లారీకి పూజ చేసినా, చివర బండి ముందుకు కదిలి నిమ్మకాయలను తొక్కాలి కదా. ఈ ఇంజన్ కదిలి ఎన్నేళ్లయిందో. ఆ సంగతి అప్పటిదాకా ముగ్గురు మగవాళ్లలో ఎవరికీ తట్టలేదు.

నలగకపోతే పూజ ముగిసినట్టు కాదని వాచ్‌మన్ తేల్చాడు. రాయితో కొడదామన్నాడు దర్జీ.

"రాయితో కొడ్తె రాయికి పూజైతది భాయ్," అన్నాడు మా ఆయన. "నూకుదాం."

తోయడాన్ని మా దగ్గర నూకడం అంటాం. ముగ్గురూ వెనక్కిపోయి చేతులు ఆనించారు. షిఫ్టు దిగి ఇంటికి పోతున్న కార్మికులు నలుగురైదుగురు, ఎందుకు ఏమిటి అని కూడా అడగకుండా, టిఫిన్ డబ్బాలు కింద పెట్టి వచ్చి చేతులు వేశారు. పొద్దున లేస్తే ఆర్టీసీ బస్సు నూకి ఎక్కే మనుషులు, నూకుతున్నవాళ్లను చూస్తే చేతులు ఊరుకోవు. నేను మాత్రం పట్టాలు ఎంతదాకా ఉన్నాయో చూశాను. కదిలితే? పట్టాలు క్రోటన్ల దగ్గర అయిపోతాయి, తర్వాత రోడ్డు. ఇంజన్ రోడ్డెక్కి మంచిర్యాల బజారు దాకా పోవడం, వెనక మా ఆయన పరిగెత్తడం నా కళ్ల ముందు కనబడింది.

ఆ ఆలోచనలో ఉండగా పిల్లవాడు నా చెయ్యి విడిపించుకొని నేరుగా చక్రం దగ్గరికి పోయి కూర్చున్నాడు. నేను మోకాళ్ల మీద పడి వాడి నడుము పట్టుకున్నాను. అప్పుడు చూశాను. చక్రానికీ పట్టాకూ కలిపి లావుగా వెల్డింగ్ చేసి, మీద రంగు వేశారు. ఒక్క చక్రానికే కాదు, అటుదానికీ ఉంది. ఈ ఇంజన్‌ను నూకాలంటే ఆదిలాబాద్ జిల్లా మొత్తాన్నీ నూకాలి.

చెబుదామని నోరు తెరిచాను. నా చంకలోంచి ఒక గొంతు వచ్చింది.

"నూకు."

నేను వాడి మొహంలోకి చూశాను. వాడు నన్ను చూడటం లేదు, ఇంజన్‌ను చూస్తున్నాడు. గొంతు కొంచెం బొంగురుగా, ఎవరో ముసలాయనలా ఉంది.

"నూకు," అన్నాడు మళ్లీ.

వెనక మగవాళ్లు అలసిపోయి చేతులు దించుతున్నారు. వెల్డింగ్ సంగతి చెబితే నూకడం ఆగిపోతుంది. నూకడం ఆగితే వీడి మాట ఆగిపోతే?

"ఆపకుండ్రి," అన్నాను. "జర గట్టిగ నూకుండ్రి. కదిలేటట్టున్నది."

మా ఆయన నన్ను చూసిన చూపు పెళ్లినాడు కూడా చూడలేదు. భార్య మారిపోయిందనుకున్నాడు పాపం. రెట్టింపు బలంతో నూకాడు. దర్జీ టోపీ కింద పడింది. మా వాడు ప్రతి నూకుడికీ నూకు, నూకు అంటున్నాడు, మేస్త్రీలా. ఆఖరికి మా ఆయనకు వినబడి చేతులు వదిలేసి ముందుకొచ్చాడు. ఎవరంటున్నారని అడిగాడు. నేను ఏడుస్తున్నాను కాబట్టి వేలితో చూపించాను. అందరూ పని ఆపి వాడి చుట్టూ చేరారు. ఆపినందుకు వాడికి విపరీతమైన కోపం వచ్చింది. తండ్రి కాలు పట్టి ఇంజన్ వైపు లాగుతూ "నూకు" అని అరిచాడు. అంతా తిరిగి పోయి నూకారు. ఈసారి మా ఆయన నూకాడో, ఇంజన్‌ను ఆనుకొని కళ్లు తుడుచుకున్నాడో చెప్పలేను.

ఇంజన్ ఎంతకూ రాకపోయేసరికి వాడు చక్రం ముందున్న నిమ్మకాయ తీసి కసుక్కున కొరికాడు. మొహం మెలి తిప్పాడు. రసం గడ్డం మీదుగా కారింది. అందరూ వాచ్‌మన్ వైపు చూశారు, తీర్పు ఆయనదే కాబట్టి. ఆయన వంగి నిమ్మకాయ మీది పంటిగాట్లు చూశాడు.

"పండ్ల కింద నలిగినా నలిగినట్టే," అన్నాడు. "పూజ అయింది."

తిరుగు బస్సులో, గోదావరి వంతెన మీద, వెల్డింగ్ సంగతి చెప్పాను.

"అయినా జర కదిలింది," అన్నాడు మా ఆయన.

ముందు సీట్లోంచి దర్జీ వెనక్కి తిరిగాడు. "హౌ భాభీ, నేను గూడ చూసిన. బియ్యపు గింజంత."

వాదించి లాభం లేదు. ఇప్పటికీ ఇద్దరూ అదే మాట మీద ఉన్నారు. అత్తమ్మ అది వస మహిమ అంటుంది, ఉడుత కాయలను మాత్రం లెక్కలోకి తీసుకోదు. మాట ఎట్లాగూ వచ్చేదే అని డాక్టరు అన్నాడు. ఎందుకైనా మంచిదని నేను ఏటా పోయి కొబ్బరికాయ కొట్టి వస్తున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు వాడికి లోకంలో అన్నీ నూకే. అన్నం గిన్నెను నూకు, ఆవును నూకు, పూజలో కూర్చున్న నానమ్మను నూకు. అవ్వ అనే మాట కాస్త ఆలస్యంగా వచ్చింది, బాపు ఇంకా ఆలస్యంగా. మధ్యలో "డీజిల్" వచ్చింది, అది మా ఆయన రహస్యంగా నేర్పాడు.

ఇప్పుడు బడికి పోతున్నాడు. పొద్దున లేచింది మొదలు మాటలు ఆగవు, ఇది రాయాలన్నా వాడు పడుకున్నాకే కుదురుతుంది. మంచం మీద నా పక్కనే ఉన్నాడు. నిద్రలోనే రెండు కాళ్లూ నా వీపుకు ఆనించి నూకుతున్నాడు. నేను కొంచెం కొంచెం జరుగుతున్నాను. నన్నెవరూ వెల్డింగ్ చేయలేదు కదా.