సుందర్రావు చెప్పని పాఠం

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేసేదాన్ని. మనుషుల్నే ఓ పట్టాన నమ్మనిదాన్ని, దయ్యాల్నేం నమ్ముతాను? ఇప్పటికీ నమ్మను. కానీ నరసరావుపేటలో జరిగింది తలుచుకుంటే భయం కంటే ముందు ఒళ్లు మండుతుంది.

ఎనభైల చివర. డిగ్రీ అయ్యాక, సత్తెనపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సి లాంగ్వేజ్ నేర్చుకుంటున్నాను. పరీక్షలో ప్రోగ్రాం నడిపి చూపించినవాళ్లలో ఒకరిని అక్కడే ఇన్‌స్ట్రక్టర్‌గా పెట్టుకుంటామన్నారు సార్. ఆ ఉద్యోగం రాకపోతే నాకు మా బాబాయి ఎరువుల కొట్టే గతి.

సార్ బోర్డు మీద రాసేసి వెళ్లిపోయేవారు. డౌటొస్తే సీనియర్ సుందర్రావుని అడగమనేవారు. నా ప్రోగ్రాంలో ఫంక్షన్ అనే చిన్న ముక్క రెండు అంకెల్ని ఒకదాని చోటికి ఒకటి మార్చాలి. చచ్చినా మారవు. అన్నా అన్నా అని సుందర్రావు వెంటపడి అడిగాను.

"పుస్తకం చూసుకో అమ్మాయ్. అన్నీ నోట్లో పెట్టాలా ఏంది?" అనేవాడు. అందరితోనూ అంతే. చెప్తే చదువు తరిగిపోతుందా? వట్టి పిసినారి!

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నాను. సుందర్రావు వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ లేంది, మెత్తగా మాట్లాడాడు.

"ఇంటి ఫొటోకి సున్నం కొడితే ఇల్లు తెల్లబడుద్దా? నువ్వు ఫంక్షన్‌కి అంకె నకలు ఇస్తన్నావు. అది నకలునే మారుస్తంది. అంకె ఉన్న చోటు అడ్రసియ్యి, పోయి అసలుదాన్నే మారుస్తది."

దిద్దాను. ప్రోగ్రాం నడిచింది. థాంక్స్ చెబుదామని తిరిగేసరికి కుర్చీ ఖాళీ. పని చూసుకుని వెళ్లిపోయాడనుకున్నాను.

మర్నాడు పరీక్షలో నాదొక్కటే నడిచింది. ఎవరు నేర్పారని సార్ అడిగితే సుందర్రావన్న అని చెప్పాను. సార్ మొహం మారిపోయింది. నిన్న మధ్యాహ్నం తనూ సుందర్రావూ మాచర్లలో ఒక పెళ్లిలో ఒకే బంతిలో భోజనం చేశామన్నారు. ఏసీ ల్యాబ్ గుమ్మం దగ్గర కాపలా కూర్చుని అందరి చెప్పులూ విప్పించే నాగమ్మక్కని పిలిచి అడిగారు.

"ఎవురూ రాలా సారూ. ఈ పిల్లే ఒక్కతే తలకాయ ఊపుకుంటా కూసుంది" అందామె.

ఓ మూల నిలబడ్డ సుందర్రావు కిటికీ వైపు తిరిగిపోయాడు. ఎక్కడో కాపీ కొట్టి పైగా అబద్ధం ఆడుతున్నానన్నారు సార్.

అందరి ముందూ నన్ను దొంగని చేస్తారా! సుద్దముక్క లాక్కుని బోర్డు మీద మొత్తం మళ్లీ రాశాను. ఎక్కడ ఏం పెట్టానో, ఎందుకు పెట్టానో, ఆ సున్నం మాటతో సహా గొంతెత్తి చెప్పాను. సార్ బోర్డు మొత్తం రెండుసార్లు చదివారు. ఉద్యోగం నాకే ఇచ్చారు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అది నాకింకా మంటే.

సాయంత్రం బస్టాండులో సుందర్రావు కనబడితే వదల్లేదు. నువ్వూ మీ సారూ కూడబలుక్కుని నాటకాలాడతారా, నా బతుకుతోనా మీ ఆటలు అని దులిపేశాను. తల వంచుకుని విన్నాడు.

"నేను రాలేదమ్మాయ్, ఒట్టు. వచ్చినా ఏం చెప్తా? అది నాకే రాదు. రాదంటే పరువు పోద్దని అందర్నీ పుస్తకం చూసుకోమంటన్నా."

ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక నిలబడిపోయాను. తనకే రాని పాఠం, తన మొహంతో, తన గొంతుతో నా పక్కన కూర్చుని చెప్పిందెవరు? తర్వాత ఇన్నేళ్లు ఎంతోమందికి ఆ పాఠమే చెప్పాను. ఈ ఒక్కదానికి మాత్రం జవాబు దొరకలేదు.

ఇంతలో నా బస్సు వచ్చింది. ఎక్కబోతుంటే సుందర్రావు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మాయ్, నిన్న నేను నీకేం చెప్పానో, అది కాస్త నాకూ చెప్పవా?"