నాలుగు గొంతుల ఇంజిను

కారు ఇంజినులోకి గాలి వెళ్ళే దారిలో ఒక తలుపు ఉంటుంది. సీసా మూత కంటే కాస్త పెద్దదైన గుండ్రటి రేకు, దాని నడుమ సన్నటి ఇరుసు. ఆక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. మామూలు కార్లలో నాలుగు సిలిండర్లకీ కలిపి ఆ తలుపు ఒక్కటే. దాన్ని తీసేసి, ఒక్కో సిలిండరుకీ ఒక్కో థ్రాటిల్ బాడీ, అంటే సొంత తలుపున్న సొంత గొంతు బిగిస్తే, కాలు కదిపీ కదపకముందే ఇంజిను పలుకుతుంది. టర్బో ఉన్న ఇంజినుకి ఇది పెద్దగా అక్కర్లేదు. టర్బో ఎలాగూ గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసీ బిగించాను. శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ అటువంటి కారు ఇంకెవరి దగ్గరా లేదు. నాకు ఆ కారణం చాలింది.

వాట్సాప్ అందరి ఫోన్లలోకీ కొత్తగా వస్తున్న రోజులవి. అరసవల్లి వెళ్ళే దారిలో నాకొక రిపేరు షెడ్డు ఉండేది. ఆటోలూ, జీపులూ, పెళ్ళిళ్ళకి తిరిగే కార్లూ వచ్చేవి. పని తగ్గిన పూట నా సొంత కారు ముందు వాలేవాణ్ణి. అది పాత పెట్రోలు కారు. దానికి టర్బో అంతకుముందే వేశాను. విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్టులో, గుద్దుకుని తుక్కయిపోయిన ఒక పెద్ద మోటారు సైకిలు నుంచి తీసిన నాలుగు థ్రాటిల్ బాడీలు దొరికాయి. అవి ఈ ఇంజినుకి పుట్టినవి కావు. రంధ్రాలు కలవవు, దూరాలు కలవవు. మధ్యలో అల్యూమినియం దిమ్మ కోయించి, గొట్టాలకి వెల్డింగు పెట్టించి, ఆ వేసవంతా దానిమీదే పడ్డాను.

నా భార్య మా మేనమామ కూతురు. విజయనగరం పిల్ల. ఎచ్చెర్ల వైపు ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. ఆదివారాలు మా బాప్టిస్టు చర్చి క్వాయర్‌లో పాడేది. ఆమెది ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది స్వరం. పై స్వరం పాడేవాళ్ళని అందరూ మెచ్చుకుంటారు. ఆల్టో విడిగా ఎవరి చెవినా పడదు, అది లేకపోతే మాత్రం పాట డొల్లగా ఉంటుంది. ఈ మాట ఆమే నాకు చెప్పింది. పెళ్ళికి ముందు నేను వెనక బల్లమీద కూర్చుని కునుకు తీసేవాణ్ణి. పెళ్ళయ్యాక ఆ కింది స్వరం కోసం వెతుక్కుంటూ మెలకువగా ఉండడం నేర్చుకున్నాను.

నాలుగు థ్రాటిళ్ళూ బిగించాక అసలు పని మొదలైంది. నాలుగు తలుపులూ ఒకే కొలతన తెరుచుకోవాలి. ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకున్నా ఇంజిను కుంటుతుంది. గేజీ పెట్టి చూస్తే ముల్లు ఒకచోట నిలవకుండా వణికిపోయేది. దీనికి పాత పద్ధతి ఒకటుంది. టర్బో గాలి వచ్చే పెట్టెని ఇంకా బిగించకుండా, ఇంజిను నెమ్మదిగా తిరుగుతుండగా, రబ్బరు గొట్టం ఒక కొస థ్రాటిల్ నోట్లో, రెండో కొస చెవిలో పెట్టుకుని అది గాలి పీల్చే చప్పుడు వినాలి. నాలుగు చప్పుళ్ళూ ఒక్కటయ్యేదాకా మరలు తిప్పుతూ పోవాలి. నేను విన్నాను. నాకు నాలుగూ ఒకేలా వినబడ్డాయి. ఇంజిను మాత్రం కుంటుతూనే ఉంది.

ఆమె అన్నం క్యారేజీ పట్టుకొచ్చి కాసేపు చూసింది. "ఇటు తే" అని గొట్టం లాక్కుని చెవిలో పెట్టుకుంది. ఒక్కో థ్రాటిల్ దగ్గరా ఆగి విని, నవ్వడం మొదలుపెట్టింది.

"ఇవి నాలుగూ ఒకటేనంతన్నావా బావా? నీ చెవులేటి, సంతలో కొన్నావా?"

"ఏటే, ఏటైంది?"

"రెండోది పైకి పోతన్నాది. నాలుగోది జలుబు సేసినట్టున్నాది. మూడోదైతే మా క్వాయర్లో టెనర్ పాడే పెద్దాయనే. ఎంత సెప్పినా రవ్వంత కిందే ఉంటాడు."

ఆ తరవాత రోజూ బడి నుంచి నేరుగా షెడ్డుకే వచ్చేది. చీరకొంగు నడుముకి దోపుకుని ఇంజినుమీదికి వంగేది. నేను ఎదుటివైపు నిలబడి స్క్రూడ్రైవరుతో మర తిప్పేవాణ్ణి. "ఇంకాస్త... ఇంకాస్త... ఆపు! దాటించేసావు. నీది సెయ్యి కాదు బావా, సుత్తి" అనేది. మా కాపురంలో ఆమె పనిలోకి నేను వెళ్ళింది లేదు, ఆమే నా పనిలోకి వచ్చింది. అంత సుఖంగా మేము ఎప్పుడూ లేము. అది అప్పుడు నాకు తెలియలేదు. కారు బాగుపడుతోంది కాబట్టి సంతోషంగా ఉన్నాననుకున్నాను.

ఒక్క లోపం మిగిలింది. థ్రాటిళ్ళని ఒక్కసారిగా తెరిస్తే గాలి ముందు వచ్చేసేది, పెట్రోలు సరిపడా అందేది కాదు. అప్పుడు ఇంజిను వెనక్కి దగ్గేది. అంటే లోపల మండాల్సిన మంట థ్రాటిల్ నోట్లోంచి బయటికి ఢామ్మని తన్నేది. ముందు రోజే నా కళ్ళముందు ఒకసారి అలా తన్నింది. పెట్రోలు కొలత సరిచేయాలి. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆమెకి చెప్పలేదు.

మరునాడు శనివారం. మధ్యాహ్నం నా స్నేహితుడొకడు వచ్చాడు. నాతో చదువుకున్నవాడు, బజారులో వాళ్ళకి స్పేర్ పార్టుల కొట్టు ఉంది. బానెట్ తీసిన ఇంజినునీ, దానిమీద వరసగా నోళ్ళు తెరిచిన నాలుగు థ్రాటిళ్ళనీ చూసి ఫోను తీశాడు.

"మావా, అదరగొట్టేసావురా! ఓపాలి రేజు సెయ్యి, వీడియో తీస్తాను. మనోళ్ళ గ్రూపులో పెడితే ఒక్కొక్కడికీ కడుపు మండాల."

నా భార్య ఎదుటివైపు వంగి ఉంది. గొట్టం ఒక కొస మూడో థ్రాటిల్ లోపల, రెండో కొస ఆమె ఎడమ చెవిలో. కళ్ళు మూసుకుని వింటోంది. థ్రాటిళ్ళని తెరిచే తీగ నా చేతికి అందేంత దూరంలో ఉంది.

"ఉండు బావా" అంది కళ్ళు తెరవకుండానే. "మూడోది ఇంకా కలవనేదు."

విన్నాను. స్పష్టంగా విన్నాను. ఫోను నావైపు తిరిగి ఉంది. తీగ లాగాను.

ఇంజిను ఒక్క ఉరుకు ఉరికి వెనక్కి తన్నింది. షెడ్డు రేకులు అదిరాయి.  ఆమె చెవిని అరచేత్తో మూసుకుని, నేలమీద కూర్చుండిపోయి, ఎవరో పిలిచినట్టు నా ముఖంలోకి చూసింది. వేళ్ళ సందున సన్నగా రక్తం కనబడింది.

విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాము. కర్ణభేరి చిరిగింది, అది మెల్లగా అతుక్కుంటుంది, లోపలి నరం దెబ్బతింది, అది మాత్రం తిరిగి రాదన్నాడు డాక్టరు. ఎలా జరిగిందని అడిగాడు. మా మావయ్య అప్పటికే విజయనగరం నుంచి వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు. అమ్మ లేని పిల్లని ఆయనొక్కడే పెంచాడు. ఆయన ముఖం చూశాక నా నోట వచ్చిన మాట ఇది: "తప్పుకోమని చెప్పానండి. ఇంజిను చప్పుడులో వినిపించుకోలేదు. గొట్టం తియ్యలేదు."

భయంలో నోరు జారిందని చెప్పుకోవచ్చు. ఆ సాకు ఒక్క పూటకి సరిపోతుంది. వారం తిరక్కముందే స్నేహితుణ్ణి పిలిచి ఆ వీడియో ఫోన్లోంచి చెరిపేయమన్నాను. వాడు నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా చెరిపేశాడు. మళ్ళీ నా షెడ్డుకి రాలేదు.

ఆమె చర్చికి రాగలిగిన మొదటి ఆదివారం, సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచి నిలబడ్డాను. కష్టం తప్పినవాళ్ళు సంఘం ముందు నిలబడి దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం మా అలవాటు. నేను హెచ్చరించినా నా భార్య గమనించలేదనీ, అయినా ఆమె ప్రాణం దక్కిందనీ చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. నా కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఆమె తల వంచుకుంది.

ఇంటికొచ్చాక అడిగింది.

"బావా, నేను ఉండమన్నట్టు గుర్తు నాకు. అన్నేదా?"

"లేదే. నువ్వేటీ అన్నేదు."

"అన్నాననుకుంతన్నాను."

"దెబ్బ తగిల్తే అలాగే ఉంటాది. తిన్నగైపోతాదిలే."

ఆమె నన్ను నమ్మింది. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేరు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన బావ అబద్ధం ఆడతాడనుకోవడం కంటే, తన బుర్రే తప్పు చెబుతోందనుకోవడం ఆమెకి సులువైంది.

గాయం మానాక క్వాయర్‌కి వెళ్ళింది. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎడం సెవిలో ఒక శ్రుతి, కుడి సెవిలో ఒక శ్రుతి ఇనపడతన్నాది బావా. ఒకే పాట రెండు పాటలైపోతన్నాది" అంది. ఎడమ చెవిలో దూది కుక్కుకుని కొన్ని వారాలు ప్రయత్నించింది. పక్కవాళ్ళ గొంతుని ఆనుకుని పాడే స్వరం ఆల్టో. పక్కవాళ్ళు ఎక్కడున్నారో తెలియకపోతే అది నిలబడదు. ఎవరూ మానమనలేదు. తనే వచ్చి నా పక్కన బల్లమీద కూర్చోవడం మొదలుపెట్టింది. పాట వచ్చినప్పుడు పుస్తకం తెరిచి పట్టుకునేది, పెదవులు కదిపేది కాదు.

చెవితో ఆగి ఉంటే బహుశా నేను ఈ పాటికి నాకు నేనే ఏదో సర్ది చెప్పుకునేవాణ్ణి. కానీ ఆమెకి తనమీద నమ్మకం పోయింది. గ్యాసు కట్టేసి, కట్టేశానా అని నన్ను పిలిచి చూపించుకునేది. తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కేది. బడిలో పిల్లల హాజరు రెండుసార్లు పిలుస్తున్నానేమోనని దిగులు పడేది. "నేను అనుకున్నవన్నీ అన్నట్టు కాదు కదా బావా" అనేది నవ్వుతూ. ఏళ్ళు అలా గడిచాయి. ఏళ్ళపాటు నేను వెళ్ళి గ్యాసు మర చూసి, కట్టేశావే అని ఓపిగ్గా చెప్పాను. మంచి మొగుణ్ణని వీధిలో పేరు కూడా వచ్చింది.

కారు అలాగే షెడ్డు మూల పడి ఉంది. నాలుగు నోళ్ళలోకీ దుమ్ము పోకుండా గుడ్డలు కుక్కాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆ కారు పూర్తి సెయ్యి బావా. నీకెంత ఆశుండేదో నాకు తెల్దా? నేనా గొట్టం ఏళకి తీసుంటే అది ఎప్పుడో అయిపోను. నావల్ల ఆగిపోనాది. నాకు సిగ్గేసి ఇన్నాళ్ళూ అడగనేదు. నన్ను క్షమించు."

నేను లేచి ఆమెకి కుడివైపు వెళ్ళి, నేలమీద కూర్చుని చెప్పాను. ముందు రోజే మంట తన్నిన సంగతి, ఫోను నావైపు తిరిగి ఉన్న సంగతి, వీడియో చెరిపించేసిన సంగతి, అన్నీ చెప్పాను.  అంతా అయ్యాక ఆమె ఒక్కటే అడిగింది.

"అయితే నేనన్నానా?"

"అన్నావు."

"ఏటన్నాను?"

"ఉండు బావా, మూడోది ఇంకా కలవనేదు అన్నావు."

"ఆ ముక్కే నాకు గుర్తు" అంది. "అచ్చం ఆ ముక్కే." ఆమె ముఖంలో వెలుగులాంటిది వచ్చింది. పోగొట్టుకున్న వస్తువు దొరికినవాళ్ళ ముఖం అది. ఆ వెలుగు నా మీదికి తిరిగేసరికి ఆరిపోయింది.

"మా నాన్నకి సెప్పు. నువ్వే సెప్పాల" అంది.

విజయనగరం బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె కిటికీవైపు కూర్చుని, చెడిపోయిన చెవిని నావైపు ఉంచింది. కావాలని కూర్చుందో, అలా కుదిరిందో నాకు తెలియదు. దారంతా నేను ఏం చెప్పినా ఆమెకి చేరదు. 

మావయ్య వీధి అరుగుమీద ఉన్నాడు. నిలబడే చెప్పాను. కూర్చోమన్నాడు, కూర్చోలేకపోయాను. ఆయన కొడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. ఏదో ఒకటి చేసి ఉంటే నాకు నిలబడడానికి కాస్త చోటు దొరికేది. ఆయన కళ్ళజోడు తీసి పంచెకొసతో తుడుచుకున్నాడు.

"నేనూ దాన్నే తిట్టానురా అల్లుడూ" అన్నాడు. "ఆసుపత్రిలోనే తిట్టాను. నీకు బుద్ధుండక్కర్లేదా, ఆడు తప్పుకోమంటే తప్పుకోవద్దా అని. సెవిలో రక్తం ఇంకా ఆరనేదు దానికి."

ఆ సంగతి నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

లోపల గిన్నెల చప్పుడు వినబడుతోంది. ఆమె వంట మొదలుపెట్టింది. వచ్చేటప్పుడు భుజానికి తగిలించుకున్న సంచీలో రెండు రోజుల బట్టలున్నాయనుకున్నాను. గుమ్మంలోంచి చూస్తే, బడి పుస్తకాలూ, పాటల పుస్తకం, తలగడ కింద పెట్టుకునే చిన్న బైబిలూ తీసి అలమరలో సర్దేసి ఉన్నాయి. అలమర తలుపు తెరిచే ఉంది.

మావయ్య నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. "బస్సుకి టైముంది. తినేసి ఎల్లు" అన్నాడు.

ఆమె వడ్డించింది. కందా బచ్చలి కూర, నాకు ఇష్టమని చేసిందో, ఇంట్లో అదే ఉందో. ఆయన కంచం, నా కంచం, రెండే పెట్టింది. అన్నం మారు వడ్డించబోతే చాలని చెయ్యి అడ్డం పెట్టాను. "తిను బావా, దారిలో ఆకలేస్తాది" అంది. ఆ గొంతులో కోపం లేదు. బస్టాండుకి దారి అడిగిన కొత్తవాడితో మాట్లాడినంత మర్యాదగా ఉంది.

చేయి కడుక్కుని చెప్పులేసుకున్నాను. పొయ్యి దగ్గర గ్యాసు మర తిప్పిన చప్పుడైంది. ఎవరినీ పిలవకుండా, వెనక్కి తిరిగి చూడకుండా, ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది.